సముద్ర సర్పాన్ని పుట్టిద్దాం – 4వ పాఠం: దానికి దాహం వేయాలి

పోయిన పాఠంలో మనం రాసే కథలోని సర్పానికి పొడవు, రంగు, తోక పెట్టుకున్నాం. ఈసారి దానికి ఒక లోటు పెడదాం. నా లెక్కలో ఈ పాఠమే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే కోరలు ఎన్ని పెట్టినా, అది ఒడ్డుకి ఎందుకొస్తుందో తెలియకపోతే రెండో అధ్యాయానికే చదివేవాళ్ళకి భయం పోతుంది.

ముందు నిజం పాము సంగతి. మైపాడులోనో కొత్తపట్నంలోనో వల లాగేటప్పుడు ఒక్కోసారి చేపలతో పాటు సముద్రపు పాము కూడా పడుతుంది. తోక తెడ్డులాగా చదునుగా ఉంటుంది, విషం చాలా గట్టిది, చచ్చినట్టు కనిపించినా చేత్తో ముట్టుకోకూడదు. ఊపిరికి నీళ్ళపైకి రావాల్సిందే. అంతకన్నా విచిత్రం ఇంకోటుంది. పసుపు పొట్ట సముద్రపు పాము పుట్టడం, బతకడం, చావడం అంతా సముద్రంలోనే, కానీ ఉప్పునీళ్ళు తాగి దాహం తీర్చుకోలేదు. వాన లేని నెలల్లో ఒంట్లో నీళ్ళు తగ్గిపోతూ ఉంటాయి, పెద్ద వాన పడి ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు పల్చటి పొరలా నిలిచినప్పుడు తాగుతుంది. చుట్టూ అంత నీళ్ళున్నా దాహమే! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దీన్ని మన కథలోకి తెద్దాం. మీ లోకంలో తీరాన్ని మన నెల్లూరు తీరంలాగే ఊహించుకోండి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ సర్పానికి దాహం పెరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, అంటే ఎండలు మండే రోజుల్లో దాన్ని చూసేవాళ్ళు కూడా తక్కువే. మళ్ళీ బోట్లు కదిలేసరికి అది ఎంత దప్పికతో ఉంటుందో ఆలోచించండి. మొదటి వరదకి పెన్న మొగ దగ్గర తీపినీళ్ళు సముద్రంలో కలిస్తే, అది ఎక్కడికొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

లోటు పెట్టడం మనకి కొత్తేం కాదు. భాగవతంలో కాళియుడు సముద్రంలోని రమణక ద్వీపం వదిలి యమున మడుగులో దాక్కున్నది గరుత్మంతుడి భయంతోనే, సౌభరి శాపం వల్ల ఆయన అక్కడికి రాలేడు కాబట్టే. అంత విషం కక్కే పాముకీ ఒక భయం, ఒక దాపు ఉన్నాయి.

దాహం సంగతి మొదటి అధ్యాయంలోనే ఊళ్ళో ముసలామె నోట చెప్పించేయండి. తర్వాత ఇలా రాయొచ్చు:

మొగ దాటి బయటికొచ్చాక మామ దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఉమ్మలేదు, మింగాడు.
"రేయ్ అబ్బయ్యా, నీళ్ళు ఉప్పగా లేవురా. పడవ తిప్పు."

పాము మాటే లేదు, అయినా భయం వేస్తుంది. కానీ ఒక్క జాగ్రత్త: పదో అధ్యాయంలో అవసరమొచ్చిందని దాని చేత ఉప్పునీళ్ళు తాగించారంటే ఇన్నాళ్ళ భయమంతా పోతుంది. పెట్టిన నియమం మీక్కూడా వర్తిస్తుంది.

వచ్చే పాఠం లోపల పది వాక్యాలు రాయండి. మొగ దగ్గర, చీకట్లో, ఒక్క మనిషి, ఒక్క పడవ. సర్పం కనపడకూడదు, దాని పేరు కూడా రాకూడదు. నీళ్ళ రుచి మాత్రం మారాలి.