శ్రీలంక చెరువుల్లో, తీరపు చిత్తడి నేలల్లో ఎలియోకారిస్ తుంగలను గుర్తించడం ఎలా?

శ్రీలంక పొడి మండలంలో అనురాధపురం చుట్టుపక్కల ఉన్న పాత చెరువుల్లో గానీ, కొలంబోకూ నెగొంబోకూ మధ్య పరచుకున్న ముత్తురాజవెల చిత్తడి నేలల్లో గానీ నీటి అంచున చూస్తే, ఆకు అన్నదే లేకుండా ఉత్త పచ్చటి కాడలే గుబురుగా లేచి నిలిచిన మొక్కలు కనిపిస్తాయి. వీటిలో అనేకం తుంగ కుటుంబానికి చెందిన ఎలియోకారిస్ ప్రజాతివి. రాబర్ట్ బ్రౌన్ 1810లో స్థాపించిన ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద 250కి పైగా జాతులున్నా, ఈ దీవిలో మామూలుగా ఎదురయ్యేవి కొన్నే. పైగా అవి చాలావరకు మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లోనూ పెరిగేవే కాబట్టి, ఒకచోట నేర్చుకున్నది రెండోచోట పనికివస్తుంది. చేతిలో పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పదునైన బ్లేడు, తెల్ల కాగితం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు ఉంటే చాలు.

ముందుగా తేల్చుకోవలసింది అది ఎలియోకారిస్ అవునా కాదా అన్నది. కాడ మొదలును బురదలోంచి జాగ్రత్తగా పైకి తీసి కడిగి చూడండి. ఈ మొక్కలో ఆకు పూర్తిగా కుదించుకుపోయి, కాడ అడుగుభాగాన్ని చుట్టుకున్న గొట్టంలాంటి ఒరగా మాత్రమే మిగులుతుంది. ఆహారం తయారుచేసే పని అంతా పచ్చటి కాడదే. కాడ చిట్టచివర ఒకే ఒక్క కంకి ఉంటుంది, దాని కింద ఆకులాంటి పత్రం ఏదీ ఉండదు. మూడో లక్షణం గింజలో ఉంది: పువ్వులోని కీలం అడుగుభాగం ఉబ్బి, గింజ పండిన తరువాత కూడా రాలిపోకుండా దాని నెత్తిన చిన్న బొడిపెలా అతుక్కొని ఉంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తేనే ఎలియోకారిస్ అని రాసుకోవాలి.

మొదటి రెండు లక్షణాలతోనే ఆగిపోయేవారిని మోసం చేసే మొక్కలు ఇదే నీటిలో ఉంటాయి. షీనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటా కాడ కూడా గుండ్రంగా, లోపల అడ్డుపొరలతో ఉంటుంది గానీ, దాని కంకులు గుత్తిగా కాడ పక్కనుంచి పుట్టినట్టు కనిపిస్తాయి. నిజానికి ఆ గుత్తికి పైన కాడలా కొనసాగేది దాని పత్రమే. లెపిరోనియా ఆర్టిక్యులేటాలోనూ ఇదే తంతు, అయితే అక్కడ కంకి ఒక్కటే ఉండి, ముదురు గోధుమ రంగులో కాడకు పక్కగా అంటుకున్నట్టుంటుంది. అన్నింటికంటే గడుసుది ఫింబ్రిస్టైలిస్ టెట్రగోనా. దీనికి ఆకులు లేవు, కాడ కొసన ఒక్కటే కంకి, చూడగానే ఎలియోకారిస్ అనిపిస్తుంది. నాలుగు పలకల కాడ చూసి అనుమానం రావాలి; పండిన గింజ మీద బొడిపె లేదని చూసి ఆ అనుమానాన్ని తీర్చుకోవాలి. ఫింబ్రిస్టైలిస్‌లో కీలం మొత్తంగా రాలిపోతుంది.

ప్రజాతి తేలాక కాడ మీద దృష్టి పెట్టాలి. ఎత్తును నమ్మవద్దు, చెరువు నిండుగా ఉన్నప్పుడు మనిషి ఎత్తు పెరిగే జాతే నీరు తగ్గిన అంచున మోకాలి లోపు ఉండి కంకి వేస్తుంది. కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రటి కాడ సాఫీగా దొర్లుతుంది, మూడు పలకల కాడ తడబడుతుంది. అయినా సందేహముంటే బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని భూతద్దంలో చూడాలి.

గుండ్రంగా, పెన్సిలులో సగం లావుగానో అంతకంటే ఎక్కువగానో ఉండి, లోపల డొల్లగా ఉన్న కాడను నిలువునా చీల్చితే, తెల్లటి పలుచని అడ్డుపొరలు ఒకదానిపై ఒకటి వరుసగా కనిపిస్తాయి. వేళ్లతో నొక్కుకుంటూ పోతే ఆ గదులు చిన్న శబ్దంతో పగులుతాయి, ఎండిన కాడలో పొరలున్న చోటల్లా బయటికే కణుపుల్లా గీతలు తేలతాయి. ఇది ఎలియోకారిస్ డల్సిస్. దీని కంకి స్తంభాకారంలో, చాలాసార్లు 2 నుంచి 4 సెంటీమీటర్ల పొడవున ఉండి, కాడ కంటే పెద్దగా లావు కాకపోవడంతో, దూరం నుంచి చూస్తే కాడ కొస కాస్త రంగు మారినట్టుంటుంది తప్ప కంకి ఉన్నట్టు తెలియదు. నేలలో తీగలు పాకించి వాటి కొసల దుంపలు వేస్తుంది. చైనా వంటకాల్లో వాడే వాటర్ చెస్ట్‌నట్ ఈ జాతినుంచే సాగులోకి వచ్చింది. అడవి మొక్క దుంపలు మాత్రం చాలా చిన్నవి. ఉత్తరాది బజార్లలో అదే ఇంగ్లిషు పేరుతో అమ్మే సింఘాడా పూర్తిగా వేరే మొక్క, దానికీ తుంగకూ చుట్టరికమే లేదు.

మూడు పలకల లావు కాడ దొరికితే రెండు జాతులను ఎదురెదురుగా పెట్టి చూడాలి. ఎలియోకారిస్ అక్యూటాంగులాలో కాడ పలకలు పదునుగా ఉంటాయి, అడ్డుపొరలు ఉండవు, కంకి పొలుసులు కోడిగుడ్డు ఆకారంలో మొద్దు కొసతో ఉంటాయి. ఎలియోకారిస్ స్పైరాలిస్‌లో పొలుసులు వెడల్పుగా, పైఅంచు కత్తిరించినట్టుగా ఉండి, మెలికలు తిరిగిన వరుసల్లో చాలా దగ్గరగా పేర్చుకొని ఉంటాయి. ఇది సముద్రానికి దగ్గరగా, ఉప్పు కలిసే నీటిలో ఎక్కువగా పెరుగుతుంది. అయితే ఉప్పునీటి పక్కన ఉందన్న ఒక్క కారణంతో పేరు పెట్టేయడం తొందరపాటు. చోటు సూచన మాత్రమే, సాక్ష్యం పొలుసులదే.

అసలు ఓపిక కావలసింది చిన్న జాతుల దగ్గర. చెరువు నీరు వెనక్కి తగ్గాక బయటపడిన బురద మీద, బుందల లాంటి తీరప్రాంతపు తడి ఇసుక మీద, వెంట్రుకల కుచ్చుల్లా మొలిచే ఈ మొక్కలు కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ కాడ చెప్పేది తక్కువ, గింజ చెప్పేది ఎక్కువ. బాగా ముదిరి, కింది పొలుసులు రాలడం మొదలైన కంకిని తీసుకొని తెల్ల కాగితం మీద వేలితో మెల్లగా నలపండి. పొట్టును ఊదేస్తే గింజలు మిగులుతాయి. ఊపిరి మరీ గట్టిగా వదిలితే గింజలు కూడా పోతాయి.

కాగితం మీద మిగిలినవి నల్లగా నిగనిగలాడుతూ, రెండు వైపులా ఉబ్బి, సుమారు 1 మిల్లీమీటరు ఉన్నాయనుకుందాం. నెత్తిన పాలిపోయిన రంగులో అణిగిన చిన్న బొడిపె, గింజ అడుగున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎర్రటి గోధుమ రంగు ముళ్లలాంటి రోమాలు, ఆ రోమాలు గింజ అంత పొడవో ఇంకాస్త ఎక్కువో ఉంటే అది ఎలియోకారిస్ జెనిక్యులేటా. దీని కంకి గుండ్రంగానో కోడిగుడ్డులానో మొద్దుగా ఉండి, సన్నటి కాడ కొసన గుండుసూది తలలా కనిపిస్తుంది. గింజ అలాగే నల్లగా మెరుస్తున్నా దానిలో సగమే, అంటే 0.5 మిల్లీమీటరు ప్రాంతంలో ఉండి, రోమాలు తెల్లగా, పొట్టిగా, కొద్దిగానో లేక అసలు లేకుండానో ఉంటే ఎలియోకారిస్ అట్రోపర్‌ప్యూరియా అనుకోవాలి. దీని పొలుసుల మీద ఊదా రంగు ఛాయ ఉంటుంది గానీ, ఎండలో వెలిసిన మొక్కల్లో అది కనిపించకపోవచ్చు. కనుక రంగు కంటే గింజ కొలతకే నా ఓటు.

గింజ నల్లగా కాక మూడు పలకలుగా ఉండి, పైన తేనెపట్టు గదుల్లాంటి గుంటల అల్లిక కనిపిస్తే దారి మారుతుంది. అది ఎలియోకారిస్ రెట్రోఫ్లెక్సా. దీని గింజ మీది బొడిపె పిరమిడ్ ఆకారంలో, దాదాపు గింజ వెడల్పంత ఉంటుంది. కంకిలో పువ్వులు కొద్దిగానే ఉంటాయి, కాడలు దారాల్లా సన్నగా ఉండి వంగి నేలను తాకుతుంటాయి. పువ్వు తాజాగా దొరికితే కీలాగ్రాలు, అంటే కీలం కొసన చీలిన పాయలు, రెండా మూడా అని లెక్కపెట్టడం కూడా మంచి పరీక్షే. చిన్న జాతుల్లో రెండైతే గింజ రెండు వైపులా ఉబ్బినదిగా, మూడైతే మూడు పలకలుగా ఉంటుంది. కీలాగ్రాలు త్వరగా రాలిపోతాయి కాబట్టి ఈ పరీక్షను మొక్క దొరికిన చోటే ముగించాలి, ఇంటికి తెచ్చాక చూద్దామనుకోకూడదు.

కాలం విషయానికొస్తే, పొడి మండలపు చెరువులు ఈశాన్య రుతుపవనాలతో నిండుతాయి కనుక, పెద్ద జాతులను నీరున్న నెలల్లోనూ, చిన్నవాటిని నీరు తగ్గి బురద బయటపడుతున్న రోజుల్లోనూ వెతకడం మేలు. ఈ చెరువుల్లో మొసళ్లుంటాయి; లోతు నీటిలో కంకి ఎంత బాగా పండినా ఒంటరిగా దిగవద్దు, అంచున దొరికేది చాలు. రక్షిత ప్రాంతాల్లో మొక్క పీకాలంటే వన్యప్రాణి శాఖ అనుమతి ఉండాలి. అది లేనప్పుడు ఒర మూతి, కాడ కోత ముఖం, కంకి, స్కేలు పక్కన గింజలు విడివిడిగా కనిపించేలా ఫొటోలు తీసుకుంటే చాలావరకు పని జరుగుతుంది. చెరువు మొత్తాన్ని చూపే అందమైన ఫొటో పేరు తేల్చడానికి పనికిరాదు.

అనుమతితో సేకరించేటప్పుడు వేరు, ఒర, కాడ, కంకి అన్నీ ఉన్న మొక్కను పాత వార్తాపత్రికల మధ్య పరచి, పొడవు కాడలను ఇంగ్లిషు అక్షరం వి లాగా మడిచి ఎండబెట్టండి. రాలిన గింజలను కాగితపు పొట్లంలో కట్టి ఆ నమూనాకే అంటించండి. చోటు, తేదీ, నీటి లోతు, నీరు ఉప్పగా ఉందా అన్నది అక్కడికక్కడే రాయాలి. సందేహం మిగిలినవాటిని పేరాదెణియ వృక్షోద్యానంలోని జాతీయ హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, ఉన్న నమూనాలతో పోల్చుకోవచ్చు. నీటిలో మునిగి, కంకి లేకుండా దారాల్లా తేలే కాడలు మాత్రమే దొరికితే జాతి పేరు కోసం తంటాలు పడకుండా, ఎలియోకారిస్ కావచ్చు, కంకి లేదు అని రాసి, అదే చోటికి నీరు తగ్గాక మళ్లీ వెళ్లండి.