విశాఖ బండెక్కే ముందు ఓపీ చీటీలో ‘ఎప్పటినుంచి’ చూసుకోండి: క్యాష్‌లెస్ అప్రూవల్ జాగ్రత్తలు

2025 ఆగస్టులో ఆసుపత్రుల సంఘం ఏహెచ్‌పీఐ ఉత్తరాదిలోని తన సభ్యులను ఒక పెద్ద బీమా కంపెనీ పాలసీలకు సెప్టెంబరు 1 నుంచి క్యాష్‌లెస్ (మీరు డబ్బు కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి చెల్లించే పద్ధతి) ఆపేయమంది. ఆ తగవు తర్వాత సర్దుకుంది. కానీ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి డయాలసిస్‌కో కీమోకో కంటి ఆపరేషన్‌కో విశాఖ వెళ్ళే మనవాళ్ళకు అది హెచ్చరికే. పోయిన నెల క్యాష్‌లెస్ ఇచ్చిన ఆసుపత్రి ఈ నెలా ఇస్తుందన్న భరోసా లేదు. బయలుదేరే ముందురోజు ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌కీ బీమా కంపెనీకీ విడివిడిగా ఫోన్ చేసి అడగండి.

మీ చికిత్స ఏ కోవలోకి వస్తుందో కూడా ముందే తేల్చుకోవాలి. డయాలసిస్, కీమో, శుక్లాల ఆపరేషన్, కిడ్నీ రాళ్ళు పగలగొట్టే లిథోట్రిప్సీ డే కేర్ కిందకి వస్తాయి, 24 గంటలు ఆసుపత్రిలో ఉండకపోయినా అప్రూవల్ ఇస్తారు. కంటిలోపల వేసే ఇంజెక్షన్, నోటితో మింగే కీమో మందులు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పేర్కొన్న 12 ఆధునిక చికిత్సల్లో ఉన్నా, చాలా పాలసీల్లో వాటికి పరిమితి ఉంటుంది. డాక్టరు ఫీజు, ఒట్టి స్కానింగ్, ఒట్టి రక్తపరీక్షలు మాత్రం పాలసీలో ఓపీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చుకి బీమా) ఉంటేనే. ‘ఒక్క రాత్రి అడ్మిట్ అయిపోండి, స్కానూ ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది’ అని ఎవరన్నా వినకండి. పరీక్షల కోసమే చేరితే డబ్బు ఇవ్వనక్కరలేదని పాలసీ మినహాయింపుల్లో 04 నంబరు కింద రాసే ఉంటుంది.

ఆరోగ్య సంజీవని పాలసీలో శుక్లాలకు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అంతే. పైగా ప్రతి క్లెయిమ్‌లోనూ 5 శాతం మీరే కట్టుకోవాలి. లెన్సు ఎంచుకున్నాక కాదు, ఎంచుకోకముందే ఈ లెక్క వేసుకోండి.

ఇవన్నీ సరిగ్గా చూసుకున్నవాళ్ళు కూడా ఒక్క గీత దగ్గర మునిగిపోతున్నారు. ప్రీ-ఆథ్ ఫారంలో, అంటే ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి కంపెనీకి పంపే కాగితంలో, జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, మొదట ఎప్పుడు డాక్టరుకి చూపించారు అని రెండు గడులుంటాయి. వాటి కింద సుగర్, బీపీ, గుండెజబ్బు, ఆస్తమా వరసగా రాసి, ఒక్కోదానికీ ఎప్పటినుంచో నెల, సంవత్సరం అడుగుతారు. వాటిని నింపేది మీరు కాదు. మీ ఓపీ చీటీ చూసి ఆసుపత్రివాళ్ళు నింపుతారు. ఆ చీటీలో ఉన్నది మీరో, మీ పక్కన నిలబడ్డ బంధువో నోటికొచ్చినట్టు చెప్పిన మాట.

మన దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. రోగి తెలుగులో ‘చానాళ్ళబట్టి ఉందండి’ అంటాడు, వెంట వచ్చినవాడు ఒడియాలో చెబుతాడు, డాక్టరు ఇంగ్లీషులో ‘3 ఏళ్ళుగా’ అని రాసేస్తాడు. విశాఖలో డ్యూటీ డాక్టరు మళ్ళీ అడిగితే ‘ఆరు నెలలు’ అంటారు. పాలసీ 2023 జూన్‌లో తీసుకున్నారనుకోండి. కిడ్నీ జబ్బు మొదటిసారి బయటపడింది 2025 ఫిబ్రవరిలో. చీటీలో పడ్డ ఆ ‘3 ఏళ్ళు’ దాన్ని 2022కి, అంటే పాలసీకి ముందుకి లాక్కుపోతుంది. కంపెనీ మొదటి చీటీ పంపమని క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) వేస్తుంది. ఆ చీటీ, విశాఖలో రాసిన కాగితం రెండూ కలవవు. జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నారంటారు. అక్కడితో అప్రూవల్ పోతుంది, ఒక్కోసారి పాలసీయే రద్దవుతుంది.

అందుకే డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే చీటీ చదివించుకోండి. ఎప్పటినుంచి అని రాశారో అడగండి. తప్పు పడితే మీరు దిద్దకండి, కొట్టేయకండి. అదే డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరుతో సవరణ రాయించుకోండి. జబ్బు మొదట బయటపెట్టిన ల్యాబ్ రిపోర్టు దానికి జత చేయండి. ఇదంతా ప్రీ-ఆథ్ పంపకముందే జరగాలి. తిరస్కరించాక తెచ్చే సవరణని కంపెనీ అనుమానంగానే చూస్తుంది.

ఉన్న జబ్బుని దాచమని కాదు చెప్పేది. నిజంగా పాతదైతే పాతదనే చెప్పండి. పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్ ఆపలేరు. ఊహించి సంవత్సరాలు చెప్పొద్దు, అంతే.

మిగతావి ఇవి:

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు.

ఆధార్, పాలసీ, ఓపీ చీటీ మూడింట్లోనూ పేరు ఒకటే ఉండాలి. ఒడిశాలో తీసిన కార్డుల్లో వెంకటరావు బెంకటరావు అయి ఉంటాడు, ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంటే ఇంకోదాంట్లో వెనకుంటుంది. ముందే సరిచేయించండి.

ఒడిశా రేషన్ కార్డున్నవాళ్ళకు ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించదు. ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్-గోపబంధు కార్డుంటే, మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో కనుక్కున్నాకే కదలండి.

కంపెనీ నెట్‌వర్క్‌లో లేని (కంపెనీతో ఒప్పందం లేని) ఆసుపత్రిలో క్యాష్‌లెస్ కావాలంటే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు.

కీమోకి ఒక సైకిల్ అప్రూవల్ తర్వాతి సైకిల్‌కి పనికొస్తుందనుకోవద్దు. ప్రతిసారీ అడగండి.

‘ఓకే అయిపోయిందండి’ అన్న మాట చాలదు. ఉత్తరం చూపించమనండి. మొత్తం, క్లెయిమ్ నంబరు, గడువు తేదీ ఫోటో తీసుకోండి.

ఐఆర్‌డీఏఐ 2024 మే నిబంధన ప్రకారం విన్నపం అందిన గంటలో కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జి అప్రూవల్ 3 గంటల్లో. ఆసుపత్రి ఎన్నింటికి పంపిందో రాసి ఉంచుకోండి.

క్వెరీ వస్తే అందులో ఏమడిగారో మీరే చదవండి. ‘ఎప్పటినుంచి’ అని ఉంటే, మీరు చూడకుండా జవాబు పంపనివ్వొద్దు.

క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టాల్సొస్తే అసలు బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం అన్నీ తెచ్చుకుని రీయింబర్స్‌మెంట్‌కి పెట్టండి.

తిరస్కరణని కాగితం మీద, కారణంతో అడగండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255కి కూడా చెప్పండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా తగవులు తేల్చే అధికారికి) రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాదిలోపు రాయాలి, మొదటి ఓపీ చీటీ నకలు తప్పకుండా జతచేయాలి.