అల్జీమర్స్ కేర్, 4వ పాఠం: ముందు "ఎప్పట్నుంచి?" అని అడగండి

ఇవాళ మందులు చెప్తానన్నా గానీ, పోయినసారి కేసుకి మీరు పంపిన జవాబులు చూశాక అవి వచ్చే వారానికి నెట్టేశా.

కేసు గుర్తుందిగా, 74 ఏళ్ళ పెద్దావిడ, తుంటి ఆపరేషనై మూడో రోజు, యూరిన్ కాథెటర్ ఉంది, నిన్న రాత్రి నుంచి కూతుర్ని పట్టుకుని "నువ్వెవరే" అంటోంది, ఐవీ లైను పీకేస్తోంది, పొద్దున బానే మాట్లాడింది, మధ్యాహ్నానికి మళ్ళీ మత్తు. ఈవిడకేమైంది అనడిగితే దాదాపు అందరూ అల్జీమర్స్ అని రాసేశారు, ఒకరైతే స్టేజ్ కూడా వేశారు!

అమిలాయిడ్, టావ్, అంటే అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీన్ల సంగతి మీ పుస్తకంలో ఉంది, వదిలేస్తున్నా.

అల్జీమర్స్ రాత్రికి రాత్రి రాదండీ. నెలలు, ఏళ్ళు పడుతుంది. గంటల్లోనో రోజుల్లోనో మొదలై, పూటకోలా మారుతుంటే డెలీరియం, అంటే ఒంట్లో వేరే ఇబ్బంది వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం, అని అనుమానించాలి. దాని వెనక యూరిన్ ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, సోడియం పడిపోవడమో, విరోచనం కాకపోవడమో, కొత్తగా పెట్టిన మందో ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు కలిసుంటాయి. మీరు అల్జీమర్స్ అని రాసి ఊరుకుంటే ఆ ఇన్ఫెక్షన్ సంగతెవరు చూస్తారు? పైగా ముందే అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి డెలీరియం ఇంకా తేలిగ్గా వస్తుంది, కాబట్టి "ఆవిడకెలాగూ మతిమరుపేగా" అన్నారంటే నాకు ఒళ్ళు మండుద్ది. ఇంకోటి, గోల చేసేవాళ్ళని అందరం చూస్తాం, చడీచప్పుడు లేకుండా మగతగా పడుండే డెలీరియమే మన కళ్ళుగప్పుతుంది.

నా పద్ధతి చెప్తా. "మతిమరుపుందా?" అని అటెండర్ని, అంటే పేషెంటు వెంట ఉన్న ఇంటివాళ్ళని, అడగను, అందరూ కొంచెం ఉందనే అంటారు. "పోయిన పండక్కి పులిహోర ఈవిడే కలిపారా? పెన్షన్ డబ్బులు ఈవిడే లెక్కపెట్టుకున్నారా?" అంటా. తర్వాత పేషెంటుతో వారాలు వెనక్కి చెప్పిస్తా, ఆదివారం, శనివారం, అలా. అల్జీమర్స్ మొదట్లో ఉన్నవాళ్ళు చాలామంది తడబడుతూనైనా లాక్కొస్తారు, డెలీరియంలో రెండు చెప్పి ఫ్యాను వంక చూస్తుండిపోతారు. ఇదొక్కటే చూసి తేల్చెయ్యకండి, డాక్టరుకి చెప్పండి.

అన్నట్టు, జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల పరీక్ష ఎంఎంఎస్ఈలో తేదీ అడిగితే ఒక అవ్వ "ఇయ్యాల ఏకాదశి" అంది, మా స్టూడెంటు సున్నా వేసి వదిలేసింది. క్యాలెండర్ చూస్తే నిజంగా ఏకాదశే! స్కోరు పక్కన అవ్వ చదువుకోలేదనీ, తిథి కరెక్టుగా చెప్పిందనీ రాయాలా వద్దా?

ప్రాక్టీస్: ఒకే పేషెంటుని ఒక షిఫ్టులో మూడుసార్లు చూసి మూడు నోట్సు రాయండి, టైముతో సహా. "కన్‌ఫ్యూజ్డ్" అనే మాట ఎక్కడా కనపడకూడదు, ఏం అడిగారో, ఆవిడ ఏమన్నదో ఆవిడ మాటల్లోనే ఉండాలి.