జలుబు చేసినా పాలు మానక్కర్లేదు

ఒళ్లో పాపాయి పాలు తాగుతుంటే ఆగని తుమ్ములు, కారే ముక్కు. పోయిన వారమంతా నాకిదే. మా అత్తయ్య "జలుబు పాలల్లోకి దిగుతుందమ్మా, రెండ్రోజులు ఆపు" అన్నారు. కానీ జలుబు పాలతో రాదు, మన తుమ్ములూ చేతులతో అంటుకుంటుంది. పైగా తల్లి ఒంట్లో తయారయ్యే, జబ్బుతో పోరాడే యాంటీబాడీలు బిడ్డకు అందేది ఆ పాలతోనే.

అందుకే పాలిచ్చే చోటే ఒక బుట్ట పెట్టుకున్నా: మాస్కులు, మెత్తటి పాత నూలుగుడ్డలు, మంచినీళ్ల సీసా, మందుల షాపులో దొరికే సెలైన్ (ముక్కులో వేసుకునే ఉప్పునీటి) చుక్కలు. పాలివ్వడానికి 5 నిమిషాల ముందు రెండు ముక్కుల్లోనూ 2 చుక్కల చొప్పున వేసుకుని చీదేయాలి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలి. ముక్కు తెరుచుకున్నాక మాస్కులోనూ హాయిగా ఊపిరాడుతుంది. లేవలేనంత నీరసంగా ఉన్న రాత్రి పాలు పిండి ఇస్తే అత్తయ్యే ఉగ్గుగిన్నెతో పట్టారు.

ముక్కుదిబ్బడకి సొంతంగా మాత్రలు వేసుకోకండి, సూడోఎఫెడ్రిన్ ఉన్నవాటితో పాలు తగ్గొచ్చు.

ఇంత చేసినా ఒక్కోసారి బిడ్డకు అంటుతుంది. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, పాలు పట్టకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.