ఇంటి విచారణకు వెళ్లే కేస్ వర్కర్ చూడవలసినవి, అడగవలసినవి, రాయవలసినవి

పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ వచ్చిన తరువాత జరిగే పనుల్లో ఊరివారికి కనిపించేది బిడ్డను తీసుకువెళ్లడం ఒక్కటే. ఆ బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది మాత్రం ఆ తరువాత కేస్ వర్కర్ ఇంటికి వెళ్లి విచారించి రాసే సామాజిక విచారణ నివేదికను బట్టి తేలుతుంది. ఆ నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితిలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. చాలా కేసుల్లో వారు ఆ ఇల్లు చూసి ఉండరు. కేస్ వర్కర్ రాసిన దానిని చదివే నిర్ణయం తీసుకుంటారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో గాని, హెల్ప్‌లైన్‌లో గాని కొత్తగా చేరినవారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఈ పనినే అని నా నమ్మకం.

గడువులు మొదటి రోజు నుంచే గుర్తుండాలి. బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం రక్షణ అవసరమైన బిడ్డను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల లోపు సమితి ముందు హాజరుపరచాలి. సమితి ఆదేశించిన సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తికావాలి. మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల లోపు సమితి తుది ఉత్తర్వు ఇవ్వగలగాలి. పదిహేను రోజులున్నాయి కదా అని విచారణను చివరి రెండు రోజులకు నెట్టితే ఒకే ఒక్కసారి, అదీ హడావిడిగా, ఆ గడప తొక్కి రావలసి వస్తుంది. ఒక్కసారి చూసినంత మాత్రాన ఏ ఇల్లూ అర్థం కాదు.

వెళ్లే ముందు

ఇంటికి వెళ్లేముందు బడికి, అంగన్‌వాడీకి వెళ్లండి. హాజరు పట్టిక చాలా సంగతులు చెబుతుంది. గద్వాల వైపు నడిగడ్డలోనో కర్నూలు వైపో సీడ్ పత్తి పండించే ఊళ్లలో క్రాసింగ్ పని (పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దడం) మొదలయ్యే రోజులకు ఆడపిల్లల హాజరు ఎలా పడిపోయిందో ఆ పట్టికలోనే కనిపిస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. బడి వేళ తరువాత సొంత కుటుంబానికి సాయపడటాన్ని అదే చట్టం కొన్ని షరతులతో మినహాయించింది కాబట్టి, బిడ్డ ఎవరి చేనులో, ఏ వేళల్లో పనిచేస్తున్నదో తేదీలతో సహా తెలుసుకోవాలి.

ప్రభుత్వ బోర్డు ఉన్న జీపును ఆ ఇంటి ముందు ఆపకండి. వీధంతా గుమిగూడిన తరువాత ఆ బిడ్డ పేరు దాచడం ఎవరి తరమూ కాదు. వాహనాన్ని పంచాయతీ కార్యాలయం దగ్గరో బస్టాప్ దగ్గరో వదిలి నడిచి వెళ్లడం మేలు. బాల్య వివాహం ఫిర్యాదుల్లో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. జీపు కనబడిందంటే పెళ్లి రాత్రికి రాత్రే వేరే ఊరికి మారిపోతుంది. అందువల్ల ముహూర్తం, పెళ్లి జరిగే చోటు, శుభలేఖ, బడి రికార్డులోని పుట్టిన తేదీ ముందే చేతిలో ఉండాలి. వయసు నిర్ధారణకు బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ను ముందు చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్ని, అదీ లేనప్పుడే వైద్య పరీక్షను ఆశ్రయిస్తారు. పెద్దలు మాట వినేలా లేరనిపిస్తే, 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్లి చట్టం దృష్టిలో మొదటి నుంచీ చెల్లదు.

ఇంట్లో

"అమ్మా, నేను జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి వచ్చాను. పాప సంగతి, ఇంటి సంగతులు మీ నోటితోనే వినాలని వచ్చాను" అంటే చాలు. "పాపను ఎవరూ తీసుకుపోరు" అని హామీ ఇవ్వకండి. ఆ నిర్ణయం మీ చేతిలో లేదు. మాట తప్పిన మనిషికి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ నిజం చెప్పరు.

కూర్చున్న చోటి నుంచే చూడగలిగినవి చాలా ఉంటాయి. పొయ్యి ఈ రోజు వెలిగిందా, బియ్యం డబ్బాలో ఏమాత్రం ఉన్నాయి, బిడ్డ రాత్రి ఎక్కడ, ఎవరి పక్కన పడుకుంటుంది, స్నానాల గదికి తలుపు, గడియ ఉన్నాయా, పుస్తకాల సంచి ఎక్కడుంది అన్నవి గమనించండి. పెద్దవాళ్లు మాట్లాడుతున్నప్పుడు బిడ్డ ఎవరి వైపు చూస్తున్నదో, ఎవరు రాగానే మౌనంగా అయిపోతున్నదో కూడా చూడండి. అవ్వ ఉంటే ఆమెతో విడిగా మాట్లాడండి. కొడుకు ముందు చెప్పలేని మాటలు ఆమె దగ్గర చాలా ఉంటాయి.

బిడ్డతో ఒంటరిగా, కాని ఇంటివారికి దూరం నుంచి కనబడే చోట, నేల మీద కూర్చుని మాట్లాడండి. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగకూడదు. "నాన్న కొడతాడా?" అని అడిగితే, మీకు నచ్చుతుందనుకున్న జవాబునే బిడ్డ చెబుతుంది. "నాన్న పొద్దుపోయి ఇంటికొచ్చాక ఏం జరుగుతుంది? ఆ తరువాత?" అని అడిగి ఆగాలి. ఆ మౌనాన్ని మీ మాటలతో నింపవద్దు.

బిడ్డ లైంగిక వేధింపుల సంగతి చెబితే పద్ధతి మారుతుంది. అక్కడితో ప్రశ్నలు ఆపి, "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం అనకండి, ఎందుకంటే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ విధి, తెలియజేయకపోవడం శిక్షార్హం. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లో గాని బిడ్డ కోరిన చోట గాని, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాంలో లేకుండా నమోదు చేయాలి. జరిగినదంతా బిడ్డ చేత నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పించడం మరో హింస. తెలంగాణలో వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట అందించే భరోసా కేంద్రాలున్నాయి, అందుబాటులో ఉంటే నేరుగా అక్కడికే తీసుకువెళ్లండి.

రాయడం

నివేదికలో చాలామంది చేసే పొరపాటు, చూసినదానికి బదులు తీర్పు రాయడం. "తల్లి నిర్లక్ష్యంగా ఉంటుంది" అన్న వాక్యం వల్ల సమితికి తెలిసేదేమీ లేదు. దానికి బదులు ఇలా రాసి చూడండి: "ఉదయం 11 గంటలకు వెళ్లేసరికి తల్లి కూలికి పోయింది. ఆరేళ్ల పాప రెండేళ్ల తమ్ముణ్ని చంకనెత్తుకుని గడపలో కూర్చుంది. పొయ్యి మీద గిన్నెలో నిన్నటి అన్నం ఉంది. 'అమ్మ చీకటి పడ్డంక వస్తది, నేను బడికి పోతే వీణ్ని ఎవరు సూస్తరు' అని పాప అన్నది." ఈ నాలుగు వాక్యాలు చదివినవారికి, ఆ ఇంటికి కావలసింది పిల్లల హోమ్ కాదని, తమ్ముడికి అంగన్‌వాడీ, పాపకు బడి, తల్లికి కొంత ఆసరా అని అర్థమవుతుంది. బిడ్డ మాటలను బిడ్డ యాసలోనే, కోట్‌లలో రాయండి. విన్నది, చూసినది, మీరు ఊహించినది వేర్వేరు పేరాల్లో ఉండాలి.

పేదరికాన్ని, హానిని ఒకటిగా చూడకూడదు. సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలని చట్టమే సూత్రంగా చెప్పింది. కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ (ఆర్థిక సాయం) ఉంది. దానికి కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ వంటి కాగితాలు లేక ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ కాబట్టి, సిఫారసు రాసేటప్పుడే వాటి సంగతి చూడాలి. అలాగని, పేదవాళ్లు పిల్లల్ని చదివించరన్న మాటను కూడా నమ్మవద్దు. పనుల్లో ఉన్న పిల్లలను బడిలో చేర్చడానికి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన కృషి ఆ మాట తప్పని చూపింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది కూడా ఈ కృషికే. మరోవైపు, దెబ్బలో వేధింపులో ఉన్న ఇంటిని డబ్బు సాయంతో సర్దిపెట్టే సిఫారసు ఎన్నడూ చేయకూడదు. సిఫారసు చివర బిడ్డ ఏం కోరుకుంటున్నదో రాయడం మరువకండి. సమితి దానికి ఒప్పుకోకపోయినా, ఆ మాట ఫైలులో ఉండి తీరాలి.

బిడ్డ ఫోటోను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టవద్దు. పత్రికలో గాని మరే మాధ్యమంలో గాని బిడ్డ గుర్తింపు బయటపడితే, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. విలేకరి అడిగితే జిల్లా పేరు కంటే ఎక్కువ చెప్పకండి.

ఉత్తర్వు వచ్చాక

బిడ్డ ఇంటికి చేరిన మొదటి నెలల్లో తరచుగా వెళ్లాలి, చెప్పకుండా కూడా వెళ్లాలి. అన్నిటికంటే చిక్కైనవి వలస కుటుంబాలు. పాలమూరు నుంచి పనుల కోసం వెళ్లేవారు, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవారు సీజన్ ముగియగానే తరలిపోతారు. కేసు మూసేముందు సొంతూరి చిరునామా, మేస్త్రీ ఫోన్ నంబరు, అక్కడి బంధువు ఒకరి నంబరు తీసుకుని, ఆ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి నివేదిక ప్రతితో ఉత్తరం పంపండి. ఉత్తరం అందిందని అక్కడి నుంచి జవాబు వచ్చేవరకు ఫైలును మూసిన కేసుల బీరువాలో పెట్టకండి.