కుర్తీ ఇబ్బంది పెడుతోందా? ముందు ఎక్కడ పట్టేస్తోందో చూడండి

షాపు అద్దంలో బాగానే కనిపించిన కుర్తీ, ఆఫీసులో గంటసేపు కూర్చునేసరికి చిరాకు తెప్పిస్తుంది. వెంటనే "నేను లావు కదా, నాకు ఈ కట్ నప్పదులే" అనుకుంటాం. ఒంటిని తిట్టుకునే ముందు గుడ్డను చూడండి. ముడతలు ఎటు లాగుతున్నాయో అక్కడే బిగుతు ఉంటుంది.

చెయ్యెత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తోంది

బస్సులో రాడ్ పట్టుకున్నా, పై అరలో డబ్బా అందుకున్నా ఇదే గొడవ. చంక కోత మరీ కిందికి దిగడమే సాధారణంగా దీనికి కారణం. అది ఎంత దిగితే, చెయ్యి లేచినప్పుడు పక్క గుడ్డను అంతగా లాక్కుపోతుంది. మనమేమో "చంక దగ్గర కాస్త లూజు పెట్టన్నా" అంటాం. టైలర్ ఇంకాస్త కిందికి కోస్తాడు. ఇబ్బంది ఇంకా పెరుగుతుంది!

కొత్తది కుట్టించేటప్పుడు చంకను పైకే ఉంచి, చెయ్యి పైభాగంలో వెడల్పు పెంచమనండి. ఇప్పటికే కుట్టేసిన దానికి చంక కింద నాలుగు పలకల చిన్న ముక్క వేయించవచ్చు. పాత పద్ధతి కుర్తాల్లో ఈ ముక్క ఉంటుంది. రంగు కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు, అది పెద్దగా కనిపించే చోటు కాదు. చంకలో కోసుకుపోయి ఎర్రబడుతుంటే మాత్రం కోత నిజంగానే ఇరుకు. అప్పుడు అర అంగుళం దించి చూడమనండి.

కూర్చుంటే పొట్ట మీద అడ్డ ముడతలు, స్లిట్ దగ్గర కుట్టు చిట్లడం

నిలబడి తీసుకున్న తుంటి కొలత కూర్చున్నప్పుడు చాలదు. కూర్చుని కొలిపించుకోండి, తేడా మీకే తెలుస్తుంది. లోపల మార్జిన్ ఉంటే పక్క కుట్లు విప్పించండి. లేకపోతే స్లిట్ కాస్త పైనుంచి మొదలయ్యేలా చేయించండి. స్కూటీ నడిపేవాళ్ళకు ఇది మరీ అవసరం. అప్పటికీ పట్టేస్తుంటే స్ట్రెయిట్ కట్ మానేసి, కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే ఏ-లైన్‌కి వెళ్ళడమే సుఖం.

ఏ-లైన్ వేస్తే ఇంకా లావుగా కనిపిస్తున్నాను

తప్పు కట్‌ది కాకపోవచ్చు. గంజి పెట్టిన మంగళగిరి కాటన్‌లో ఏ-లైన్ గొడుగులా విచ్చుకుంటుంది. అదే కట్ రేయాన్‌లో ఒంటి వెంట జారుతుంది. బిరుసు గుడ్డకు స్ట్రెయిట్ కట్, జారే గుడ్డకు కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసి కలిపి కుట్టే ముక్కలు), కుచ్చులు బాగుంటాయి. గంజి మానేసినా కొంత తేడా వస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌ని కలీలుగా కోయించడం మాత్రం నాకు ససేమిరా నచ్చదు. అంత చక్కటి డిజైన్ ఎక్కడికక్కడ తెగిపోతుంది.

భుజం జారిపోతోంది

మెడ ముందూ వెనకా వెడల్పుగా ఉంటే జారక మానదు. వెనక డోరీ (కట్టుకునే తాడు) పెట్టించండి. లేదా భుజం లోపల టిచ్ బటన్‌తో చిన్న పట్టీ కుట్టించి, లోదుస్తుల పట్టీని అందులో బిగించండి.

పొట్టిగా కనిపిస్తున్నాను

అంచు తొడ లేదా పిక్క బాగా లావుగా ఉన్నచోట ఆగిందేమో చూడండి. పిన్నులతో మడిచి, ఎక్కడ నచ్చితే అక్కడ కుట్టించండి.

టైలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు, తరచూ చెయ్యి వెళ్ళే పాత కుర్తీనే ఆదిగా ఇవ్వండి. అది సాగే గుడ్డది అయితే మాత్రం కాటన్‌కి ఆదిగా పనికిరాదు. కొత్త కాటన్ గుడ్డను తడిపి ఆరబెట్టాకే కుట్టడానికి ఇవ్వండి.