తుంటి మార్పిడి తర్వాత నేలకు దూరంగా మూడు నెలలు

గత సెప్టెంబరులో నాకు కుడి తుంటి కీలు మార్చారు. వయసు 67. మర్నాడే వాకర్ చేతికిచ్చి నడిపించారు, నడిచాను. అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలైంది. మన ఇళ్లలో సగం పనులు నేల మీదే కదా: పీట, చాప, కత్తిపీట, ముగ్గు, దేవుడి ముందు దీపం.

నాకు వెనుక వైపు నుంచి కోత పెట్టారు. అలా చేసినవారికి మూడు పనులు కూడదు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆపరేషన్ చేసిన కాలిని లోపలికి తిప్పకూడదు. తప్పితే కీలు బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. ముందు వైపు నుంచి చేసినవారికి జాగ్రత్తలు వేరు. అందుకని ఏ వైపు కోశారు, ఎంత బరువు మోపవచ్చు, ఎన్నాళ్లు జాగ్రత్త పడాలి అన్నవి డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. పక్కింటావిడ ఎలా చేసిందో మీకు అనవసరం.

సోఫా జోలికి వెళ్లకండి. చేతులున్న ఎత్తు కుర్చీలో, మోకాళ్లు తుంటికన్నా కిందికి ఉండేలా కూర్చోవాలి. కుర్చీ అంచు కాళ్లకు తగిలేదాకా వెనక్కి జరిగి, ఆపరేషన్ కాలు ముందుకు చాచి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా దిగాలి. లేచేటప్పుడూ అంతే. అంచుకు జరిగి, ఆ కాలు ముందుకు పెట్టి, చేతుల మీద బరువు వేసి లేవాలి. వాకర్‌ను పట్టుకుని లాక్కుంటూ లేస్తే అదే మీ మీదికి వస్తుంది.

పన్నెండో రోజున బీరకాయ చెక్కు తీస్తుంటే పీలర్ జారి కింద పడింది. నేను వంగాలనుకోలేదు, నడుమే వంగింది. చెయ్యి సగం దూరం వెళ్లాక మావారు "ఆగు!" అని అరిచారు. ఆనాటి నుంచి కుర్చీ పక్కన పాత గొడుగు పెట్టుకున్నాను. కింద పడిన తువ్వాలును దాని వంకీతో లాగేదాన్ని. వంకీకి అందనివి ఎవరైనా వచ్చేదాకా అక్కడే ఉండేవి. కాళ్ల దగ్గర దుప్పటి అందుకోవడం కూడా వంగడమే సుమా. పడుకున్నప్పుడు రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి.

స్నానాల గది సంగతి ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు మందుల షాపుల్లో, సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది. నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే కమోడ్ కుర్చీ తెప్పించుకోండి. మేము ఒకటి మరిచిపోయాం: కుర్చీలో కూర్చుని స్నానం చేయాలి సరే, బకెట్ నేల మీదుంటే చెంబు ముంచిన ప్రతిసారీ వంగాల్సిందే. రెండో రోజుకి బకెట్ స్టూలెక్కింది. గోడకు గట్టి పిడి బిగించండి. కుళాయిని, తువ్వాలు కడ్డీని నమ్ముకోకండి. పాదాలు రుద్దడం, గోళ్లు తీయడం ఇంకొకరి పని.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. "మంచిది స్వర్గానికి, చెడ్డది పాతాళానికి" అని గుర్తు పెట్టుకున్నాను. చేతికర్రకు మారాక దాన్ని ఆపరేషన్ కాలి వైపు కాకుండా రెండో వైపు చేత్తో పట్టుకోవాలి.

నడక ఒక్కసారే ఎక్కువ వద్దు. కాఫీకి, భోజనానికి, టిఫినుకు ఒక్కోసారి చొప్పున హాలు నుంచి గేటు దాకా వెళ్లి వచ్చేదాన్ని. రక్తం పలుచబడే మాత్రలు డాక్టరు చెప్పేదాకా మానకూడదు. పిక్కలో నొప్పి, కొత్తగా వాపు, గాయం దగ్గర ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే అదే రోజు ఫోను చేయండి. ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి తుంటిలో భరించలేని నొప్పితో కాలు పొట్టిగా అయినట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పేరంటాలలో చాప చూపిస్తే మొహమాటపడకుండా కుర్చీ అడిగాను. పెద్దవాళ్లకు నిలబడే నమస్కారం పెట్టాను. సంక్రాంతికి వరండాలో కుర్చీ వేయించుకుని, "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క" అని నేను చెబుతుంటే కోడలు ముగ్గు వేసింది. మూడో వరసలో ఒక చుక్క తక్కువ పెట్టింది. లేచి వెళ్లి చూపించాను, గొడుగు మొనతో.